ఆపరేషన్ కాగితం మీద సంతకం

సోమవారం మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు నేను టీ తాగి, గ్లాసు కిటికీ అంచున పెట్టి, కట్టలోంచి కొత్త అడ్మిషన్ ఫారం ఒకటి లాగాను. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. ఆ ఫారంలో మొదటి గడి సమయానిదే. ముప్ఫయ్యేళ్లు ఆ గడి నింపాను. చాలా ఫారాలు మరిచిపోయాను. దీన్ని మరవలేదు, ఎందుకంటే దీని ఆరో గడిలో నేను అబద్ధం రాశాను.

కొత్తగా ఆఫీసుల్లో చేరి, కంప్యూటర్ ముందు కూర్చుని ఇలాంటి గడులే నింపుతున్న మీ కోసం ఇది రాస్తున్నాను. రాయమని చెప్పింది నా భార్య. ఆమె పోయి ఏడాది దాటింది. నేనేమో ఏ పనైనా ఆలస్యంగానే చేసే మనిషిని.

చంద్రపూర్ జిల్లాలో, ఘుగ్గుస్ వైపు బొగ్గు గనుల మధ్య ఉన్న ఒక ఆసుపత్రిలో నేను అడ్మిషన్ గుమస్తాగా పనిచేశాను. తొంభైల నడిమి రోజులవి. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తుండేవి. మా కాలనీకి తెలిసిన మార్పులు రెండే. ఒకటి, ఇంటింటికీ కేబుల్ టీవీ తీగ. రెండోది, గేటు బయట ఎస్టీడీ బూతు. గనులు ప్రైవేటు వాళ్లకు ఇచ్చేస్తారని పుకారు మాత్రం రోజూ ఉండేది. ఆసుపత్రి ఫారాలు అయితే మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి గనిలో దిగిన నాటివే.

ఆ రోజు ఆటోలోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఒకామె రెండో ఆమె భుజం పట్టుకుని నడుస్తోంది. నడవలేక నడుస్తున్నామె మా గనిలో ల్యాంప్ రూమ్ ఉద్యోగి. గనిలో దిగే ప్రతి మనిషీ ఆమె కిటికీ దగ్గర తన నంబరు బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. దీపం వాపసు రాలేదంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. గనిలో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో మేనేజరు కంటే ముందు ఆమెకు తెలుస్తుంది.

“ఏమైంది చెల్లె?” అన్నాను.

“రక్తం ఆగుతలేదన్నా. పది దినాలైంది.”

“పది దినాలు గిట్లనే డ్యూటీ చేసినవా?”

“చెయ్యకుంటే మీ పోరగాండ్లకు ల్యాంపులు ఎవరిస్తరు?”

పక్కనున్నామె మరాఠీ మనిషి. కాలనీ బాల్వాడీలో పిల్లలకు పాఠాలు చెప్పేది. మా మధ్య ఉండి తెలుగు నేర్చుకుంది, కానీ కోపం వస్తే సగం మరాఠీ అయిపోయేది. “ఎప్పటి సంది చెప్తున్న భావూ, ఐకత్ నాహీ! వింటనే లేదు. తల తిరిగి పడ్డంక వచ్చింది.”

డాక్టరమ్మ చూసి, గర్భసంచిలో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చేయాలనీ రాసింది. సర్జన్ మాకు వారానికి ఒక్కరోజు, గురువారం పదకొండు గంటలకు చంద్రపూర్ నుంచి వచ్చేవాడు. ఈ గురువారం తప్పితే మళ్లీ గురువారమే. అంత రక్తం అంతవరకూ ఉండదని డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది.

ఇక ఆరో గడి. ‘ఆపరేషన్‌కు ఒప్పుకుని సంతకం చేయు వ్యక్తికి రోగితో బంధుత్వం.’ రోగికి స్పృహ ఉన్నా, చదువు వచ్చినా, ఆడమనిషి సంతకం ఒక్కటే మా దగ్గర చాలేది కాదు. భర్త, లేకుంటే తండ్రి, తోబుట్టువులు, అత్తింటివాళ్లు ఎవరో ఒకరు పెట్టాలి.

“ఈమె నీకు ఏమవుతది?” అని అడిగాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాకు తెలియక అడిగిన ప్రశ్న కాదు. ల్యాంప్ రూమ్ ఆమె భర్త గనిలో పైకప్పు కూలి చనిపోయినప్పుడు కూతురికి రెండేళ్లు. అతని బదులు ఆమెకు ల్యాంప్ రూమ్‌లో ఉద్యోగం ఇచ్చారు. ఏడాది తర్వాత ఈ బాల్వాడీ ఆమె ఆ క్వార్టర్‌లోకి వచ్చింది. ఎనిమిదేళ్లుగా వాళ్లది ఒకటే పొయ్యి, ఒకటే సంసారం. ఆ పిల్ల ఒకరిని ‘అమ్మ’ అనేది, ఒకరిని ‘ఆయీ’ అనేది. మరాఠీలో అదీ అమ్మే. ఇది మొగుడూ పెళ్లాల లాంటి సంసారమేనని కాలనీకంతా తెలుసు. తెలిసినా పలకడానికి మాట లేక ‘అక్కచెల్లెళ్లు’ అని నవ్వుకునేవాళ్లు. ఒకసారి పంపు దగ్గర ఎవరో అడిగారట, “మీ ఇంట్ల మొగోడు ఎవరే?” అని. ల్యాంప్ రూమ్ ఆమె బిందె ఎత్తుకుంటూ, “మా ఇంట్ల నీళ్లు ఇద్దరం మోస్తం. మొగోడున్న ఇంటిదానివి, నువ్వు ఒక్కదానివే ఎందుకు మోస్తున్నవ్?” అందట. ఆ తర్వాత పంపు దగ్గర ఎవరూ అడగలేదు.

కాలనీ వాడిన ఆ మాటే నేనూ వాడాను. ఆరో గడిలో ‘చెల్లెలు’ అని రాశాను. ఒకరిది తెలుగు, ఒకరిది మరాఠీ. చిన్నపిల్లలు కూడా నమ్మరు. కానీ ఫారం మాట్లాడదు కదా అనుకున్నాను. “నేను చూసుకుంటా తియ్యి, సంతకం పెట్టు” అన్నాను. బాల్వాడీ ఆమె పెట్టింది. మేలు చేశానన్న తృప్తితో సాయంత్రం ఇంటికి వెళ్లాను.

నా భార్య వాకిట్లో కూలర్‌లో నీళ్లు పోస్తోంది. చెప్పాను. ఆమె బకెట్ కింద పెట్టింది.

“చెల్లెలని రాసినవా? ఎందుకు?”

“పనైపోతది.”

“గామె ఎనిమిదేండ్ల సంసారాన్ని ఒక్క గీతతోని చెల్లెల్ని చేసినవ్. రేపు దవాఖాన్ల నన్ను గట్ల రాస్తె ఊకుంటవా?”

“నువ్వు వేరు.”

“ఎట్ల వేరు?”

పుస్తకాలు చదువుతానని నాకు కొంచెం గర్వం ఉండేది. రైలెక్కి మంచిర్యాల దాకా పోయి తెలుగు పుస్తకాలు కొనుక్కొచ్చేవాణ్ణి. వాటిలో ఎక్కడా ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎదురుకాలేదు.

నేను చేసిన రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది, కానీ దాన్ని తప్పని ఎవరూ అనలేదు. అది రోజువారీ పని కాబట్టి. ఆడరోగి చేరితే, ఆమె సర్వీసు కాగితంలో ఉన్న ఇంటివాళ్లకు కబురు చేయాలి. ఆమె కాగితంలో ఉన్నది చనిపోయిన భర్త అన్న ఒక్కడే. ఉద్యోగంలో చేరిన నాడు ఎవరో రాసిన పేరు. సోమవారం సాయంత్రం గేటు దగ్గర బూతు నుంచి అతనికి ఫోన్ చేయించింది నేనే. అలవాటుగా చేయించాను. ఆలోచించలేదు.

మంగళవారం ఉదయం బండికి అతను దిగాడు. ఫారం చూపించమన్నాడు. ఆరో గడి దగ్గర వేలు పెట్టి గట్టిగా నవ్వాడు. “మా తమ్ముని పెండ్లానికి చెల్లెలెక్కడిదయ్యా? వాళ్లింట్ల ఆడపిల్ల ఒక్కతే. ఈ మరాఠీ చెల్లె ఏ ఊర్ల పుట్టింది?”

అరగంటలో విషయం సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లింది. ఆయన మరాఠీ ఆయన, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నవాడు. నియమం దాటి అంగుళం కదలడని పేరు. చెడ్డవాడు కాడు. వేరే ఊళ్లో పనిచేసినప్పుడు బంధువు సంతకం లేకుండా ఒక ఆడమనిషికి ఆపరేషన్ చేసి, తర్వాత వచ్చిన బంధువులు కోర్టుకు ఈడిస్తే చాలా ఏళ్లు తిరిగాడు. అందుకని ఆయనకు సంతకం అంటే ప్రాణం. నా తప్పుడు నమోదు చూసి నాకు మెమో ఇచ్చాడు. బాల్వాడీ ఆమెను వార్డులోకి రానివ్వొద్దని నర్సులకు చెప్పాడు. సంతకం బావగారే పెట్టాలన్నాడు.

బావగారు పెడతానన్నాడు. కానీ రెండు షరతులు. మరాఠీ ఆమె ఆ క్వార్టర్ ఖాళీ చేయాలి. పిల్ల తన వెంట రావాలి. రెండూ కాగితం మీద రాసిస్తేనే కలం పట్టుకుంటాడు.

ఆ రోజంతా బాల్వాడీ ఆమె ఆసుపత్రి సైకిల్ స్టాండు పక్క అరుగు మీద కూర్చుంది. పిల్లను బడికి పంపి వచ్చింది. బుధవారం కూడా అక్కడే. లోపల ల్యాంప్ రూమ్ ఆమెకు సీసా మీద సీసా రక్తం ఎక్కిస్తున్నారు. యూనియన్ కుర్రాళ్లు ఇద్దరు వచ్చి రక్తం ఇచ్చారు. వాళ్లను ఎవరూ బంధుత్వం అడగలేదు. ఆ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. తర్వాత తట్టింది.

బుధవారం మధ్యాహ్నం నేను బాల్వాడీ ఆమె దగ్గరికి వెళ్లి, నాకు తోచిన ఉపాయం చెప్పాను. “కాగితం మీదనే ఖాళీ చేసినట్టు రాసియ్యమ్మా. ఆపరేషన్ అయినంక చూసుకుందాం.”

ఆమె అరుగు మీంచి లేచింది. “భావూ, ఒకసారి కాగితం మీద చెల్లెనయిన. ఇప్పుడు కాగితం మీద పరాయిదాన్నైత. మళ్ల ఎప్పుడు నేను నేనైత, సాంగా, చెప్పు!”

ఇదే మాట వార్డులో ల్యాంప్ రూమ్ ఆమె ఇంకోలా చెప్పింది. గొంతు సన్నగా ఉంది, కానీ మాట గట్టిగానే ఉంది. “బావకు రాసిచ్చి బతికితే ఇంటికి పోయి ఏం చెయ్యాలన్నా? ఇల్లే లేకపాయె. నువ్వు నాకొక్క పని చెయ్యి. అబద్ధం రాసింది నువ్వే. నిజం గూడ నువ్వే రాయి.”

ఆమె మంచం పక్క స్టూలు మీద కూర్చుని దరఖాస్తు రాశాను. నా ఉద్యోగంలో ఎన్నో దరఖాస్తులు రాశాను. ఇది అన్నిటికంటే చిన్నది. ‘నా కుటుంబంలో ముగ్గురం ఉన్నాం. నేను, నా కూతురు, నాతో ఉండే బాల్వాడీ టీచరు. నా ఆపరేషన్ కాగితం మీద ఈమె సంతకం పెట్టాలని కోరుతున్నాను. మా విషయం వినడానికి సమయం ఇవ్వగలరు.’ ఆమె సంతకం చేసింది. అక్షరాలు వంకరపోయాయి. మళ్లీ పెట్టనా అని అడిగింది. వద్దన్నాను.

సూపరింటెండెంటు చదివి, గురువారం ఉదయం పది గంటలకు రమ్మన్నాడు. సర్జన్ వచ్చేది పదకొండుకు.

ఆ గంట గురించి నేను చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా భార్య మధ్యలో సరిదిద్దేది, తాను అక్కడ లేకపోయినా. ఇప్పుడు సరిదిద్దేవాళ్లు లేరు. జాగ్రత్తగా చెప్తాను.

గదిలో సూపరింటెండెంటు, బావగారు, నేను, మా యూనియన్ నాయకుడు. నాయకుడిని పిలిపించింది బావగారే. మన తెలుగు పెద్దమనిషి, మన ఇజ్జత్ కాపాడతాడని. నాయకుడు కూడా ఆ ముఖంతోనే వచ్చాడు. ల్యాంప్ రూమ్ ఆమెను చక్రాల కుర్చీలో తెచ్చారు. బాల్వాడీ ఆమెను బయట ఉండమన్నారు.

సూపరింటెండెంటు డాక్టరు హిందీలో బావగారిని అడిగాడు, మీరు ఎందుకు సంతకం పెట్టడం లేదని. బావగారు లేచి నిలబడ్డాడు. “పెడ్త సార్, ఇప్పుడే పెడ్త. నా రెండు మాటలు రాసియ్యిమనుండ్రి.”

“నా పానానికి పర్మిషన్ జేబుల పెట్టుకొని తిరుగుతున్నవా బావా?” అంది ఆమె.

“ఒర్రకు చెల్లె” అన్నాడు యూనియన్ నాయకుడు. “ఇజ్జత్ మాట ఇది. లేని చెల్లెల్ని రాయించుడు తప్పు కాదా?”

“తప్పే. రాసింది క్లర్కన్న, ఊకున్నది నేను. అందుకే మళ్ల రాయించిన. అన్నా, నిన్నొకటి అడుగుత. మూడేండ్ల కింద పైకప్పు కూలిన దినం నువ్వు కింద ఉన్నవ్. నా ఖిడ్కీ కాడికి నీ కోసం ముందుగాల ఎవరొచ్చిండ్రు?”

నాయకుడు బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పసాగాడు.

“నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?”

“ఇప్పుడు గదెందుకు?”

“మీ ఇంటామె పుట్టింట్ల ఉండె. గేటు కాడి చాయ్ దుకాణమాయన ఉర్కొచ్చిండు. కాళ్లకు చెప్పులు గూడ లేవు. ‘మావోడు ఎక్కిండా’ అన్నడు. నేనేమన్న?”

“ఏమన్నవో నాకేమెరుక? నేను కిందున్నగద!”

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. బావగారు నన్ను గుర్రుగా చూశాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

“‘ఇంక ఎక్కలె, ల్యాంపు రాలె, ఈడనే కూసో’ అన్న. నాలుగు గంటలు నా కుర్సీల కూసోబెట్టిన. నువ్వు ఆయనకు ఏమైతవ్ అని అడగలె. తొమ్మిదేండ్ల సంది గా ఖిడ్కీల ఉన్న. పెండ్లాం వస్తది, దోస్తు వస్తడు, పెండ్లి కాని ఆడిది వస్తది మొఖానికి కొంగు కప్పుకొని. ఎవ్వల్ని అడగలె. మనిషి పైకొచ్చిండా అని అడగనీకి ఉర్కొచ్చినోళ్లే ఆ మనిషి వాళ్లు. మా కాడ గంతే కాయిదా. నేను కిందున్న ఇప్పుడు. నా కోసం రెండు దినాల సంది సైకిల్ స్టాండు కాడ ఎవరు కూసున్నరు? మా బావనా?”

నాయకుడు కిందికి చూశాడు. బావగారు, “గదంత ముచ్చట” అన్నాడు.

డాక్టరుకు తెలుగు సగమే అర్థమైంది. ఆయన ముందుకు వంగి మరాఠీలో అడిగాడు, “హీ తుఝీ కోణ్?” ఆమె నీకు ఏమవుతుంది అని.

ఆమెకు మరాఠీ బాగా వచ్చు. అయినా తెలుగులోనే చెప్పింది. “మా ఇంటామె.”

మా వైపు మగవాడు భార్య గురించి నలుగురిలో చెప్పేటప్పుడు వాడే మాట అది. అంతకంటే మర్యాదైన మాట లేదు, అంతకంటే స్పష్టమైనదీ లేదు. డాక్టరు నా వైపు తిరిగాడు. “ఏమంది?”

తోటి మనిషి అనొచ్చు. స్నేహితురాలు అనొచ్చు. సోమవారం నాటి గుమస్తా అయితే అలాగే అనేవాడు. నేను లేచి నిలబడి హిందీలో చెప్పాను. “భార్య అంటోంది సార్. ఇంటి ఇల్లాలు అని. చెల్లెలు కాదు. ఆ మాట నేను రాసిన అబద్ధం.”

ఆయన దరఖాస్తు మళ్లీ ఒకసారి చదివాడు. గడియారం చూశాడు. పదీ ఇరవై. తర్వాత నేను అనుకోని పని చేశాడు. రోగి కాగితం, కలం తీసుకుని బావగారిని అడిగాడు, “ఈమె వయసెంత?”

“ముప్పై… ముప్పై అయిదు ఉంటది సార్.”

“ఏ మందు పడదు ఈమెకు?”

“గదంత నాకేమెరుక సార్? ఆడోళ్ల ముచ్చట.”

“బయట ఉన్నామెను పిలవండి.”

బాల్వాడీ ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అవే ప్రశ్నలు అడిగాడు. ఆమె వయసు నెలలతో సహా చెప్పింది. సల్ఫా బిళ్ల పడదనీ, ఒకసారి వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు లేచి పెదవులు వాచాయనీ చెప్పింది. కాన్పు కష్టమైందని తనకు చెప్పిందనీ, అప్పుడు రక్తం ఎక్కించారనీ చెప్పింది. రక్తస్రావం ఏ నెలలో మొదలైంది, ఏ నెలలో పెరిగింది, ఏ రోజు తల తిరిగి పడింది, అన్నీ చెప్పింది. చెప్తూ చెప్తూ కుర్చీలో ఉన్న మనిషిని చూసి, “తిన్నవా?” అంది. “ఆపరేషన్ ఉన్నోళ్లకు తిండి పెట్టరే పిచ్చిదానా” అంది ఆమె. రెండు రోజుల తర్వాత ఒకరినొకరు చూసుకున్నప్పుడు అన్న మాటలు అవి.

సల్ఫా సంగతి మా ఫారంలో ఎక్కడా లేదు. డాక్టరు దాన్ని ఎర్ర సిరాతో రాసి, కలం మూసి, నెమ్మదిగా అన్నాడు. “ఈ రోగి గురించి నాకు కావలసినది ఎవరి దగ్గర ఉందో వాళ్లే ఈమె బంధువు. కోర్టు అడిగితే కోర్టుకూ ఇదే చెప్తాను. సంతకం తలుపు దగ్గరున్నామె పెడుతుంది.”

యూనియన్ నాయకుడు గొంతు సవరించుకున్నాడు. “సాక్షి సంతకం నేను పెడ్త సార్. యూనియన్ తరఫున.”

“గిట్లయితే మా ఇంటి ఇజ్జత్ ఏం గావాలె?” అన్నాడు బావగారు.

“పదకొండున్నరకు బండి ఉంది బావా” అన్నాడు నాయకుడు, అతని భుజం మీద చేయి వేసి. “దా, గేటు కాడ మంచి చాయ్ తాపిస్త. గా దుకాణమాయన నాకు చుట్టమే.”

ఆరో గడిలో ‘చెల్లెలు’ మీద గీత కొట్టి, పక్కన నా పొట్టి సంతకం పెట్టాను. కొత్తగా ఏం రాయాలని డాక్టరును అడిగాను. రోగి ఏమందో అదే రాయమన్నాడు. రాశాను. బాల్వాడీ ఆమె దాని కింద సంతకం చేసింది, నల్లబల్ల మీద పిల్లలకు రాసి చూపించే గుండ్రటి అక్షరాలతో. ఒక్క అక్షరమూ వంకరపోలేదు.

సర్జన్ పదకొండుకు వచ్చాడు. రెండింటికల్లా అయిపోయింది. గడ్డ బత్తాయి అంత ఉందని నర్సు వేళ్లతో చూపించింది. సాయంత్రం బడి వదిలాక పిల్ల పరిగెత్తుకొచ్చి, వార్డు గుమ్మంలో నన్ను అడిగింది, “కాకా, అమ్మ బరీ ఆహే కా?” బాగుందన్నాను. “ఆయీ లోపలుందా?” అంది. లోపలే ఉందన్నాను. ఆ రెండు మాటలూ నిజాలే కావడం నాకు ఎంతో హాయిగా అనిపించింది.

రెండు నెలల తర్వాత ఆమె ల్యాంప్ రూమ్‌కు తిరిగి వచ్చిన ఉదయం నేను సెలవు పెట్టి చూడ్డానికి వెళ్లాను. మొదటి షిఫ్టు వాళ్లంతా ఆ ఒక్క కిటికీ దగ్గరే వరసకట్టారు. రెండో కిటికీ ఖాళీ. వరసలో ముందు యూనియన్ నాయకుడు. “చెల్లె, మంచి ల్యాంపియ్యి, పోయిన రెండు నెలలు మిణుకు మిణుకుమనేటియే ఇచ్చిండ్రు” అన్నాడు. “ల్యాంపు మంచిదే అన్నా, నీ కండ్లే ముసలియైనయ్” అంది. వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. చాయ్ దుకాణమాయన పెద్ద కెటిల్‌తో వచ్చి అందరికీ పోశాడు. షిఫ్టు పావుగంట ఆలస్యంగా దిగింది. ఆ పావుగంటను ఎవరూ ఎక్కడా నమోదు చేయలేదు.

సూపరింటెండెంటు రిటైరయ్యే ముందు ఒక ఆర్డరు రాసి వెళ్లాడు. స్పృహలో ఉన్న రోగి ఎవరి పేరు చెబితే వాళ్లే సంతకం పెట్టాలి, వాళ్లే పక్కన ఉండాలి. మూడు లైన్లు. దాన్ని టైపు చేసింది నేను. ఆ తర్వాత ఆ మూడు లైన్లు పట్టుకుని నేను, నాయకుడు చాలా బల్లల చుట్టూ తిరిగాం. వైద్యం కార్డు మీద కుటుంబం ఫొటో ఉండాలి. మూడోసారి దరఖాస్తుకు అది దొరికింది. చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దగ్గర స్టూడియోలో ముగ్గురూ దిగిన ఫొటో మీద ఆఫీసు ముద్ర పడింది. క్వార్టర్‌లో ఉండే కుటుంబ సభ్యుల పట్టికలో బాల్వాడీ ఆమె పేరు ఎక్కడానికి మూడేళ్లు పట్టింది. ఓడినవీ ఉన్నాయి. భార్య అన్న మాట మాత్రం ఏ పెద్ద ఆఫీసూ ఒప్పుకోలేదు, చట్టంలో లేదని. అది ఇవాళ్టికీ మీ ముందున్న పని. మేం చేసినంత చేశాం.

ఆ ఆర్డరు సంగతి బయటికి పాకింది. ఒకరోజు ఇంకో కాలనీ నుంచి ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఇద్దరూ గనిలో బొగ్గు డబ్బాలు లాగే హాలేజీలో పనిచేసేవాళ్లు, నడివయసు దాటినవాళ్లు. ఒకాయనకు హెర్నియా ఆపరేషన్. నా బల్ల ముందు నిలబడి, గొంతు తగ్గించి, “ల్యాంప్ రూమ్ ఆమెకు రాసినట్టు మాకు గూడ రాస్తవా?” అన్నాడు. “ఏం రాయాలన్నా?” అని అడిగాను. ఇద్దరూ సిగ్గుపడ్డారు. తర్వాత రెండో ఆయన చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాశాను.

నాకు వచ్చిన మెమో నా సర్వీసు ఫైలులో చివరిదాకా ఉంది. తప్పుడు నమోదు, హెచ్చరిక. రిటైరైన రోజు ఫైలు చూపిస్తూ కొత్త గుమస్తా, ఇది తీసేయమంటారా అని అడిగాడు. ఉండనిమ్మన్నాను. తప్పు చేశాను కదా.

నా భార్యకు గుండె నొప్పి వచ్చినప్పుడు నేను మందుల కోసం నాగపూర్‌లో ఉన్నాను. చేతిలో సెల్‌ఫోన్ ఉంది కానీ ఛార్జింగ్ లేక ఆగిపోయింది. డాక్టర్లు వెంటనే ఒక గొట్టం వేయాలన్నారట. ఎవరి పేరు రాయమంటారని నర్సు అడిగితే, నా భార్య ల్యాంప్ రూమ్ ఆమె పేరు చెప్పింది. ఆమె అప్పటికి రిటైరైంది. కబురు అందగానే ఉన్నపళంగా వచ్చిందట, వెనకే బాల్వాడీ ఆమె. సంతకం పెట్టింది. నేను సాయంత్రం చేరేసరికి నా భార్య మంచం మీద లేచి కూర్చుని, వాళ్లిద్దరి మీదా నాకు ఫిర్యాదులు చెప్తోంది, ఒక్కరూ ఉప్పు వేసిన జావ ఇవ్వడం లేదని.

ఆ తర్వాత మాకు రెండేళ్లు దొరికాయి. నేను పుస్తకం గట్టిగా చదివేవాణ్ణి, ఆమె వింటూ నిద్రపోయేది. ఆ రెండేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు.

మా ఆసుపత్రిలో ఇప్పుడు చుట్టం వచ్చి సంతకం పెట్టేదాకా ఎవరి ఆపరేషన్‌నూ ఆపరు.